ఒకే లోకం, వేరువేరు పాఠకులు: ఫాంటసీ రచయితల సందేహాలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫాంటసీ రాసేవాళ్ళవే. అందులోనూ పిల్లలకు ఒకటి, టీనేజీవాళ్ళకు ఒకటి, పెద్దలకు ఒకటి అంటూ రెండు మూడు రకాల పాఠకులకు రాస్తున్నవాళ్ళవి. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేశాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: పెద్దల కోసం రాసిన ఫాంటసీ నవలను తొమ్మిది, పదేళ్ళ పిల్లల కోసం తిరగరాశాను. వాక్యాలు చిన్నవి చేశాను, కష్టమైన మాటలు మార్చాను, చావులు తీసేశాను. అయినా ఎడిటర్ "ఇది పిల్లల పుస్తకం కాదు, పెద్దల పుస్తకాన్ని కత్తిరించినట్టుంది" అన్నారు. ఇంకేం మార్చాలి?

తీసేయనక్కర్లేనివి తీసేశారు, మార్చాల్సింది ముట్టుకోలేదు. పిల్లల ఫాంటసీని పెద్దల ఫాంటసీ నుంచి వేరు చేసేది మాటల బరువు కాదు. చావుల లెక్క అంతకన్నా కాదు. కథ చెప్పే గొంతు ఎక్కడ నిలబడి మాట్లాడుతోందన్నదే అసలు తేడా. పెద్దల నవలలో ఆ గొంతు చాలాసార్లు జరిగిపోయినదాన్ని వెనక్కి తిరిగి చూస్తూ, పాత్రకు తెలియనిది కూడా తెలిసి మాట్లాడుతుంది. పిల్లల నవలలో జరుగుతుండగానే, పాత్ర పక్కనే ఉంటుంది.

ఒక సన్నివేశం తీసుకుందాం. ఏరు దాటించే పడవవాడు డబ్బు పుచ్చుకోడు, ఒక జ్ఞాపకం పుచ్చుకుంటాడు. పెద్దల నవలలో అది ఇలా రావచ్చు:

"పడవవాడు చెయ్యి చాచాడు. ఏమివ్వాలో ఆమె మూడు రోజుల కిందటే నిర్ణయించుకుంది. అతను మొదటిసారి తన కోసం వచ్చిన రోజు, ఆ వాన. పోతే పోనీ. అవతలి గట్టు మీద కాలు పెట్టాక తడిమట్టి వాసనకి కళ్ళెందుకు చెమరుస్తున్నాయో ఆమెకు అర్థం కాలేదు."

అదే సన్నివేశం పదేళ్ళవాళ్ళకు:

"పడవవాడు చెయ్యి చాచాడు. 'ఒక జ్ఞాపకం ఇవ్వు. పోయినా ఫరవాలేదనుకునేది మాత్రం చెల్లదు' అన్నాడు. లెక్కల్లో సున్నా వచ్చిన రోజు ఇచ్చేద్దామనుకుంది పిల్ల. 'అది చెల్లదు' అన్నాడు, తను నోరు తెరవకముందే. మొదటిసారి మునగకుండా ఈదిన రోజు గుర్తొచ్చింది. అదిచ్చేస్తే ఈత కూడా పోతుందా? 'ఈత పోదు. ఎలా వచ్చిందో పోతుంది, అంతే.' అవతలి గట్టున తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. 'సరే, తీసుకో' అంది."

రెండోది పొడుగైంది, గమనించారా? పోగొట్టుకున్నది కూడా తక్కువేమీ కాదు. మొదటిదాంట్లో ఎంపిక సన్నివేశం మొదలయ్యేలోపే అయిపోయింది. ఆమెకు ఇక గుర్తులేనిది పాఠకుడికి గుర్తుంది, బాధంతా అక్కడుంది. రెండోదాంట్లో బేరం మొత్తం పేజీ మీదే జరిగింది. షరతు ముందే చెప్పారు, పిల్ల దాన్ని తప్పించుకోవాలని చూసింది, కుదరక తెలిసి తెలిసీ ఇచ్చింది. చదివేవాడు "నేనైతే ఏదిచ్చేవాణ్ణి?" అనుకుంటాడు. పెద్దల సన్నివేశాన్ని ఎంత కుదించినా ఆ ప్రశ్న పుట్టదు.

కాబట్టి మీ రాతప్రతిని మళ్ళీ మొదటినుంచి పట్టండి. ఒక్కో అధ్యాయానికి ఒక్కో చీటీ తీసుకుని, ఆ అధ్యాయాన్ని మలుపు తిప్పిన నిర్ణయం ఎవరు తీసుకున్నారో రాయండి. రాజు, గురువు, మంత్రగాడు అన్న మాటలే వరసగా వస్తుంటే మీ పిల్లపాత్ర కథలో సామానులా మోయబడుతోందన్నమాట. ఎడిటర్ కంటికి ముందు తగిలేది ఇదే. రెండోసారి చదివేటప్పుడు "అప్పటికి అతనికి తెలియదు", "తర్వాత ఎన్నో ఏళ్ళకు" లాంటి వాక్యాల కింద గీత గీయండి. ఒకటీ అరా ఉంచుకోవచ్చు, పేజీకొకటి ఉంటే గొంతు ఎత్తు మీదికి ఎక్కేసినట్టే. మూడోసారి పూర్వకథ చూడండి. వందేళ్ళ కిందటి యుద్ధంతో మొదలయ్యే తొలిపలుకును నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. ఆ యుద్ధం వల్ల ఇవాళ ఈ పిల్ల ఇంటి తలుపుకు ఏమైందో అక్కడ మొదలుపెట్టండి.

ప్రధానపాత్ర వయసు పాఠకుల కన్నా ఒకటి రెండేళ్ళు ఎక్కువ ఉండటం మంచిది. 8 నుంచి 12 ఏళ్ళవాళ్ళకు రాస్తే 11 నుంచి 13 మధ్య. పిల్లలు తమకన్నా పెద్దవాళ్ళ గురించి ఇష్టంగా చదువుతారు, చిన్నవాళ్ళ గురించి అంతగా చదవరు.

చావుల సంగతి. అన్నీ తీసేయనక్కర్లేదు. గాయాన్ని, నొప్పిని దగ్గరగా సాగదీసి చూపించడం తగ్గించండి. చావు తర్వాత పిల్లపాత్రను ఒంటరిగా వదిలి అధ్యాయం ముగించకండి, ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఆ రెండు చాలు.

ప్రశ్న: ఏ వయసువాళ్ళకు ఎన్ని మాటలు ఉండాలి? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

ఇంగ్లీషు ప్రచురణలో వాడుకలో ఉన్న కొలతలు దాదాపుగా ఇవి. బొమ్మల పుస్తకం 32 పేజీలు, 500 మాటల చుట్టుపక్కల. 8–12 ఏళ్ళ ఫాంటసీ 40 నుంచి 70 వేలు. టీనేజీ ఫాంటసీ 70 వేల నుంచి లక్ష. పెద్దల ఫాంటసీ 90 వేల నుంచి లక్షన్నర. తొలి నవల లక్షా ఇరవై వేలు దాటితే ఎడిటర్లు చదవకముందే కాస్త వెనక్కి జరుగుతారు. కారణం కథ కాదు, కాగితం, బైండింగు, ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు చూసే పేజీలు) దిద్దే ఖర్చు. ఆడియోబుక్ అయితే గంటకు 9 వేల పైచిలుకు మాటలు చదువుతారు కాబట్టి, లక్షన్నర మాటలంటే స్టూడియోలో 16 గంటల పూర్తయిన రికార్డింగు.

ఈ అంకెలను తెలుగుకు యథాతథంగా తెచ్చుకోకండి. మన విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోతాయి, అదే కథ తక్కువ మాటల్లో ఇముడుతుంది. మీ నవలలో ఒక అధ్యాయాన్ని ప్రచురణకర్త వాడే అక్షరం సైజులో, అదే పేజీ కొలతలో పెట్టించి చూడండి. పేజీలు లెక్కేసి మొత్తానికి గుణించండి. పిల్లల పుస్తకానికి అక్షరం పెద్దది, వరసల మధ్య ఎడం ఎక్కువ, పైగా బొమ్మలు. అదే రాతకు పేజీలు బాగా పెరుగుతాయి. అచ్చు ఫారాల లెక్కన సాగుతుంది. ఫారం అంటే ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పేజీల కట్ట, మామూలుగా 16 పేజీలు. మీ పుస్తకం 163 పేజీలు వస్తే పదకొండో ఫారంలో 13 పేజీలు మిగిలిపోతాయి. అప్పుడు మూడు పేజీలు కోయమని ఫోను వస్తుంది, అదీ ఆఖరి నిమిషంలో. ఏ మూడు పేజీలు పోయినా కథకు నష్టం లేదో ముందే గుర్తు పెట్టుకున్నవాళ్ళు కంగారుపడరు.

అధ్యాయాల నిడివి కూడా చూసుకోండి. పిల్లల పుస్తకాన్ని పడుకునే ముందో, క్లాసులోనో పైకి చదివి వినిపిస్తారు. పది పదిహేను నిమిషాల్లో ఒక అధ్యాయం అయిపోవాలి. టెర్రీ ప్రాచెట్ పెద్దల కోసం రాసిన డిస్క్‌వరల్డ్ నవలల్లో చాలావాటికి అధ్యాయాలే ఉండవు. అదే లోకంలో పిల్లల కోసం 2001లో రాసిన మొదటి నవలకు మాత్రం అధ్యాయాలు పెట్టారు. ఆ పుస్తకానికే బ్రిటన్‌లో పిల్లల పుస్తకాలకు ఇచ్చే కార్నెగీ మెడల్ వచ్చింది.

ప్రశ్న: పిల్లల పుస్తకాలు నా పేరుతో వస్తున్నాయి. ఇప్పుడు పెద్దల కోసం రాసిన చీకటి ఫాంటసీకి కలంపేరు పెట్టుకోవాలా?

పెద్దల పుస్తకంలో పదేళ్ళవాడి చేతికి వెళ్ళకూడనిది ఉంటే పెట్టుకోండి. లేకపోతే వద్దు. రెండు పేర్లంటే రెండు పరిచయాలు, రెండు పేజీలు, రెండింతల ప్రచారం. ఉర్సులా వెర్నన్ పిల్లల పుస్తకాలు సొంత పేరుతోనూ, పెద్దలవి టి. కింగ్‌ఫిషర్ పేరుతోనూ రాస్తారు. ఆ సంగతి దాచిపెట్టలేదు కూడా. ఇయాన్ బ్యాంక్స్ ఇంకా తేలిగ్గా కానిచ్చారు, సైన్స్ ఫిక్షన్‌కు పేరు మధ్యలో ఒక్క "ఎమ్" చేర్చారు. పేరు వేరు చేసేది రహస్యం కోసం కాదు. ఆన్‌లైన్ పుస్తకాల దుకాణంలో పేరు నొక్కితే ఆ పేరు మీదున్న పుస్తకాలన్నీ ఒకేచోట వచ్చేస్తాయి. మీ ఏనుగుపిల్ల కథ నచ్చిన పిల్లవాడికి పక్కనే మీ హంతకుల కథ కనిపిస్తుంది.

పేరు కన్నా ముందు ఒప్పందం చూసుకోండి. రెండు షరతులు ఇబ్బంది పెడతాయి. ఒకటి, రచయిత తర్వాతి రచన మొదట మాకే చూపించాలన్నది. "రచయిత తర్వాతి రచన" అని విడిచేస్తే మీ పెద్దల నవల కూడా పిల్లల ప్రచురణకర్త బల్ల మీద నెలల తరబడి పడి ఉంటుంది. "ఇదే సిరీస్‌లో, ఇదే వయసు పాఠకుల కోసం రాసే తర్వాతి పుస్తకం" అని రాయించుకోండి, చూసి చెప్పడానికి గడువు కూడా పెట్టించండి, ఆరు వారాలు సరిపోతుంది. రెండోది, ఈ పుస్తకానికి పోటీ అయ్యే రచన వేరేచోట ప్రచురించకూడదన్నది. "పోటీ" అంటే ఏమిటో అక్కడే నిర్వచించకపోతే, అదే లోకంలో జరిగే ఏ కథైనా పోటీ కిందికి వస్తుంది. కలంపేరు వాడినా ఈ షరతుల నుంచి తప్పించుకోలేరు. సంతకం మీదే కదా.

ప్రశ్న: రెండు సిరీస్‌లు ఒకేసారి నడుపుతున్నాను, ఒకటి పెద్దలకు, ఒకటి పిల్లలకు. ఒకదాని చిత్తుప్రతి మధ్యలో ఉండగా రెండోదాని ప్రూఫులు వచ్చి పడుతున్నాయి. రెండూ పాడవుతున్నాయి. ఏడాదిని ఎలా పంచుకోవాలి?

రాతప్రతి ఇచ్చిన రోజు నుంచి పుస్తకం చేతికొచ్చేదాకా నవలకు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. బొమ్మల పుస్తకానికి రెండేళ్ళు దాటినా ఆశ్చర్యం లేదు, చిత్రకారుల పని అంత ఉంటుంది. ఆ మధ్యకాలంలో పుస్తకం మీ దగ్గరికి కనీసం మూడుసార్లు తిరిగొస్తుంది. మొదట ఎడిటర్ కథ నిర్మాణం మీద రాసిన సుదీర్ఘమైన ఉత్తరం. దీనికి ఆరు నుంచి ఎనిమిది వారాల పని ఉంటుంది. తర్వాత వాక్యం వాక్యం దిద్దిన ప్రతి, రెండు మూడు వారాలు. చివర పేజీలు కట్టిన ప్రూఫులు, వారం పది రోజులు. చిక్కేమిటంటే ఎంత పని అన్నది మీకు తెలుస్తుంది కానీ ఎప్పుడొస్తుందన్నది ప్రచురణకర్త చేతిలో ఉంటుంది.

అందుకని ఒప్పందం కుదిరిన రోజే ఈ మూడింటి తేదీలు అడిగి రాసుకోండి. అవి వెనక్కి జరుగుతాయి, ఖాయంగా జరుగుతాయి, అయినా అడగండి. తేదీ జరిగిందని ముందుగా చెప్పాలన్న మొహమాటం అవతలివాళ్ళకు కలుగుతుంది. రెండు సిరీస్‌ల నిర్మాణపు ఉత్తరాలు ఒకే రెండు నెలల్లో పడేలా ఉంటే ఒకదాన్ని అప్పుడే వెనక్కి జరిపించండి. ప్రూఫులు చిత్తుప్రతి మధ్యలో వచ్చినా సర్దుకోవచ్చు, నిర్మాణపు ఉత్తరం వస్తే సర్దుకోలేరు. అది మరో లోకంలో పూర్తిగా మునిగితే తప్ప అయ్యే పని కాదు.

రెండు చిత్తుప్రతులు ఒకేసారి రాయకండి. ఒకటి రాస్తూ ఇంకొకటి దిద్దుకోవచ్చు. పొద్దున రాత, మధ్యాహ్నం దిద్దుబాటు అని విడదీసుకుంటే చాలామందికి నడుస్తుంది. రెండు చిత్తుప్రతులైతే గొంతులు కలిసిపోతాయి. పెద్దల నవలలో పాత్రలు ఉన్నట్టుండి అన్నీ విడమరిచి చెప్పుకోవడం మొదలుపెడతాయి, పిల్లల నవలలో వెటకారం దూరుతుంది. చిత్తుప్రతిని ఆపాల్సి వస్తే అధ్యాయం చివర ఆపకండి. సన్నివేశం మధ్యలో ఆపి, తర్వాత ఏం జరగాలో నాలుగు ముక్కలు అక్కడే రాసి పెట్టండి. మూడు వారాల తర్వాత తిరిగొచ్చినప్పుడు మళ్ళీ మొదటినుంచి చదువుకునే బాధ తప్పుతుంది.

లోకం ఒకటే అయితే దానికో లెక్కల పుస్తకం తప్పనిసరి. అందరూ కళ్ళ రంగూ జుట్టు రంగూ రాసుకుంటారు, నిజంగా తప్పులు దొర్లేది దూరాల్లోనూ రోజుల్లోనూ. మంచి దారిలో మనిషి రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు నడుస్తాడు. గుర్రాన్ని చంపకుండా రోజుల తరబడి వెళ్ళాలంటే 40 నుంచి 50. పెద్దల నవలలో నాలుగు రోజులు పట్టిన దారిని పిల్లల నవలలో ఒక్క రాత్రిలో దాటిస్తే రెండూ చదివిన పాఠకుడు వదిలిపెట్టడు. చంద్రుడు ఇంకో ఉచ్చు. పున్నమి నుంచి పున్నమికి 29 రోజులన్నర. పున్నమి చంద్రుడు పొద్దు గూకే వేళకే లేస్తాడు, విదియ నాటి నెలవంక చీకటి పడ్డ కాసేపటికే అస్తమిస్తుంది. అర్ధరాత్రి నెలవంక వెలుగులో కత్తియుద్ధం పెట్టినవాళ్ళు ఎందరో! మీ లోకానికి ఇద్దరు చంద్రులుంటే మీ ఇష్టం, కానీ ఆ ఇద్దరి లెక్కా రాసి పెట్టుకోండి.

ఆ పుస్తకంలో కల్పించిన ప్రతి పేరునూ ఒకే స్పెల్లింగుతో రాసి, మొదట వచ్చిన పుస్తకం, పేజీ వేయండి. వాక్యాలు దిద్దేవారికి దాని నకలు పంపండి. పిల్లల సిరీస్ ఒకరు, పెద్దల సిరీస్ ఇంకొకరు దిద్దుతారు కాబట్టి, ఒకే కోట రెండు రకాలుగా అచ్చయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ప్రశ్న: పిల్లల ఫాంటసీలో మంత్రానికి నియమాలు అంత గట్టిగా అక్కర్లేదంటారు. నిజమేనా?

తలకిందులుగా చెప్పారు. పెద్దలు వాతావరణం బాగుంటే మంత్రం ఎలా పనిచేస్తోందని అడగకుండా చదివేస్తారు. పిల్లలు ఆటలో నియమం చూసినట్టు చూస్తారు. మూడో అధ్యాయంలో గాయం మాన్పిన మంత్రం పన్నెండో అధ్యాయంలో ముసలాయన్ని ఎందుకు బతికించలేదని నిలదీస్తారు.

ఎక్కువ కథలను చెడగొట్టేవి మూడు శక్తులు: గాయం మాన్పడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మాయమై వెళ్ళడం, మనసులోని మాట వినడం. మొదటిది ప్రమాదాన్ని చంపుతుంది, రెండోది ప్రయాణాన్ని, మూడోది రహస్యాన్ని. వీటిలో ఏదైనా పెట్టుకుంటే అది ఎప్పుడు పనిచేయదో అదే సన్నివేశంలో, లేదా ఆ వెంటనే చెప్పండి. చివరి పోరాటానికి ముందు చెబితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. పెద్దల నవలలో మంత్రానికి చెల్లించే మూల్యం నెమ్మదిగా, ఏళ్ళ తర్వాత బయటపడొచ్చు. పిల్లల నవలలో ఆ అధ్యాయంలోనే కనిపించాలి.

ప్రశ్న: మొదటి భాగం చదివిన తొమ్మిదేళ్ళ పాఠకులు అయిదో భాగం వచ్చేసరికి పద్నాలుగేళ్ళవాళ్ళయ్యారు. కథ వాళ్ళతోపాటు పెరగాలా?

పెరగొచ్చు. కానీ అయిదు భాగాలూ వచ్చేశాక కొత్తగా మొదలుపెట్టే తొమ్మిదేళ్ళ పిల్ల వాటన్నిటినీ ఒక్క సెలవుల్లో చదివేస్తుందని మర్చిపోకండి. సిరీస్ జీవితంలో ఎక్కువ కాలం దాన్ని చదివేది ఆ పిల్లే. అయిదో భాగంలో ఉండే అతి కఠినమైన విషయాన్ని ఆమె తట్టుకోగలదా అన్నది కొలమానం. తట్టుకోలేదనిపిస్తే దాన్ని సిరీస్ బయట వేరే పుస్తకంగా, వేరే ముఖచిత్రంతో తెచ్చుకోండి. ఉర్సులా కె. లెగ్విన్ ఒక ప్రచురణకర్త పెద్దపిల్లల కోసం అడిగితే ఎర్త్‌సీ లోకంలో మొదటి నవల రాశారు, అది 1968లో వచ్చింది. 1972లో వచ్చిన మూడో నవల తర్వాత ఆగి, 1990లో నాలుగోదానితో తిరిగొచ్చారు. అందులో ప్రధానపాత్ర నడివయసు స్త్రీ. పాత పాఠకులూ అప్పటికి పెద్దవాళ్ళయిపోయారు.

ప్రశ్న: పిల్లల పుస్తకానికి రాయల్టీ తక్కువ ఇస్తామంటున్నారు. న్యాయమేనా? అడ్వాన్సు ఎంత పెద్దదైతే అంత మంచిదా?

బొమ్మలున్న పుస్తకమైతే రాయల్టీని, అంటే అమ్ముడైన ఒక్కో పుస్తకం మీద వచ్చే వాటాని, చిత్రకారులతో పంచుకోవాలి, బొమ్మల పుస్తకానికి సగం సగం మామూలే. నవలకు ముఖచిత్రం, అక్కడక్కడా నలుపు తెలుపు బొమ్మలు మాత్రమే ఉంటే మీ వాటా తగ్గించాల్సిన పనిలేదు. చిత్రకారులకు ఏకమొత్తంగా ఇవ్వమని అడగండి.

శాతం కన్నా అది దేని మీద శాతమో చూడండి. ధర 100 అనుకుందాం, అడ్వాన్సు (రాయల్టీలో ముందుగా ఇచ్చే సొమ్ము) 20,000. ధర మీద 10 శాతమైతే ప్రతికి 10 వస్తుంది, 2,000 ప్రతులు అమ్ముడుపోగానే అడ్వాన్సు తీరి ఆపైన డబ్బు రావడం మొదలవుతుంది. దుకాణాల తగ్గింపులు పోగా ప్రచురణకర్తకు దక్కేదాని మీద 10 శాతమైతే, ఆ దక్కేది 50 అయినప్పుడు మీకు 5 వస్తుంది. అప్పుడు 4,000 ప్రతులు అమ్ముడుపోవాలి. కాగితం మీద రెండూ "పది శాతమే". అడ్వాన్సు తీరకపోయినా మామూలుగా వెనక్కి ఇవ్వక్కర్లేదు, కానీ తర్వాతి పుస్తకానికి ఆ అంకెలే మాట్లాడతాయి. రెండు మూడు పుస్తకాల అడ్వాన్సులను ఒకే ఖాతాలో కలిపే షరతు ఉంటే కొట్టేయించండి. మొదటి భాగం బాగా అమ్ముడైనా రెండో భాగం అప్పు దాన్ని తినేస్తుంది.

పెద్దల ఫాంటసీకి డబ్బు పుస్తకం విడుదలైన తొలి నెలల్లో, ముఖ్యంగా ఈబుక్, ఆడియోల్లో వస్తుంది. పిల్లల పుస్తకం నెమ్మదిగా అమ్ముడై ఏళ్ళ తరబడి నిలుస్తుంది, బడులూ గ్రంథాలయాలూ కొంటాయి. గ్రంథాలయంలో పుస్తకం అరువిచ్చినందుకు రచయితకు చెల్లించే పద్ధతి 1946లో డెన్మార్క్‌లో మొదలైంది, ఇప్పుడు 30కి పైగా దేశాల్లో ఉంది. మీ పుస్తకం అలాంటి దేశంలో అచ్చయితే అక్కడ పేరు నమోదు చేసుకునే అర్హత ఉందేమో కనుక్కోండి. అడగందే ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న: బడికి పిలిచినప్పుడు, సాహిత్యసభకు పిలిచినప్పుడు ఏం చదవాలి? ఎంతసేపు?

బడిలో 45 నిమిషాలిస్తే చదవడానికి ఆరేడు నిమిషాలు మించకండి. పావుగంట పిల్లల చేత ఏదైనా చేయించండి. పలకమీద ఖాళీ ద్వీపం గీసి, ఏటికి, కొండకు, ప్రమాదానికి చోటు వాళ్ళనే చూపించమంటే చాలు. పావుగంట ప్రశ్నలకు వదలండి. చదివే భాగంలో ఇద్దరు మాట్లాడుకుంటూ ఉండాలి, కల్పించిన పేర్లు రెండు దాటకూడదు, ఏం జరుగుతుందో తేలకముందే ఆగిపోవాలి. పుస్తకంలో మీకు బాగా నచ్చిన భాగం సాధారణంగా పనికిరాదు, దానికి ముందు రెండొందల పేజీలు తెలిసి ఉండాలి.

పెద్దల సభలో నలుగురు కూర్చునే చర్చ అయితే గంటలో మీ వాటా పది నిమిషాలే. లోకం చరిత్ర మొత్తం చెప్పే ప్రయత్నం చేయకండి. బడికి వెళ్ళేటప్పుడు పెద్దల సిరీస్ ప్రతులు సంచిలో కూడా పెట్టుకోవద్దు. సంతకం చేసేటప్పుడు పిల్లల పేర్లు చీటీ మీద రాయించుకుని చూసి రాయండి. తప్పుగా రాసిన పేరుతో ఆ పుస్తకం ఇరవయ్యేళ్ళు ఉంటుంది.

ప్రశ్న: పిల్లలు ఉత్తరాలు, మెయిళ్ళు రాస్తున్నారు. జవాబివ్వాలా?

ఇవ్వండి, కానీ ప్రచురణకర్త చిరునామా ద్వారానో, తల్లిదండ్రుల లేదా టీచర్ల మెయిల్ ద్వారానో. పిల్లలతో నేరుగా, విడిగా సందేశాలు సాగించకండి. ఇంటి చిరునామా, బడి పేరు మళ్ళీ జవాబులో రాయకండి. వాళ్ళు పంపిన కథాలోచనలు చదవలేదని మర్యాదగా చెప్పేయడం ఉత్తమం. తర్వాతి భాగంలో అలాంటిదే వస్తే పెద్ద తలనొప్పి. బాధలో ఉన్నామని రాసిన పిల్లల ఉత్తరాన్ని మాత్రం మామూలు జవాబుతో సరిపెట్టకుండా అదే రోజు ప్రచురణకర్త దగ్గర పిల్లల భద్రత చూసేవారికి పంపండి.

ప్రశ్న: ఆడియోబుక్ చేస్తున్నారు. కల్పించిన పేర్లు తప్పుగా పలుకుతారేమోనని భయంగా ఉంది. అనువాదానికీ ఇదే భయం.

భయపడే బదులు ఒక పట్టిక ఇవ్వండి. పేరు, ఎవరిది, ఎక్కడ ఒత్తి పలకాలి, ఏ మామూలు మాటతో ప్రాస కలుస్తుంది. పక్కన మీ గొంతుతో ఒక్కో పేరూ రెండేసిసార్లు పలికిన రికార్డింగు. రికార్డింగు మొదలవడానికి రెండు వారాల ముందు చేరాలి. మొదటి రోజు తప్పు పలికితే ఆ తర్వాతి గంటలన్నీ అదే పలుకుతారు, మళ్ళీ చదివించడానికి ఎవరూ డబ్బు పెట్టరు. పెద్దల సిరీస్‌కూ పిల్లల సిరీస్‌కూ వేరువేరు గొంతులైతే ఇద్దరికీ అదే పట్టిక వెళ్ళాలి.

అనువాదకులకు ఇంకో గడి చేర్చండి: ఈ పేరును అలాగే ఉంచాలా, అర్థం చూసి ఆ భాషలో కొత్తగా కట్టాలా. టోల్కీన్ తన నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' తొలి అనువాదాల్లో పేర్లు మారిన తీరు నచ్చక అనువాదకుల కోసం ఇలాంటి మార్గదర్శిని తయారుచేశారు. అది 1975లో అచ్చయింది. పిల్లల పుస్తకంలో అర్థం తెలియాల్సిన పేర్లు ఎక్కువ, ఎందుకంటే హాస్యమంతా వాటిలోనే ఉంటుంది. వాటిని కట్టడంలో అనువాదకులకు పూర్తి స్వేచ్ఛ ఇవ్వండి. ఏ పేరులో తర్వాతి భాగానికి పనికొచ్చే సూచన దాగి ఉందో మాత్రం ముందే చెప్పేయండి. మూడో భాగం వచ్చాక చెబితే మొదటి రెండూ అప్పటికే అచ్చయి ఉంటాయి.